చిన్న కారుకి సైకిల్ ర్యాక్ కొనే ముందు ఏం చూడాలి, కొన్నాక ఎలా బిగించాలి

మేముండేది హైదరాబాద్ నాగోల్‌లో, ఊరికి ఈ చివర. సైకిల్ తొక్కడానికి హాయిగా ఉండే చోట్లన్నీ ఆ చివర ఉన్నాయి, గండిపేట, హిమాయత్ సాగర్, చేవెళ్ళ రోడ్డు, ఇంకా ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023 అక్టోబర్‌లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్. తెల్లారి అయిదింటికి లేచి బయల్దేరినా అక్కడిదాకా తొక్కుకుంటూ పోవాలంటే 30 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు ట్రాఫిక్‌లో మళ్ళీ 30, మధ్యలో అసలు రైడ్‌కి కాళ్ళల్లో సత్తువ ఎక్కడ మిగుల్తుంది. అందుకని నేనూ మా తమ్ముడూ కారు వెనక ర్యాక్, అంటే సైకిళ్ళు తగిలించే చట్రం, పెట్టి సైకిళ్ళు దానికి కట్టుకుని పోవడం మొదలుపెట్టాం.

మొదటి ర్యాక్ కొన్నప్పుడు ఫోటోలు చూశా, రేటు చూశా, ఆర్డర్ పెట్టేశా. మూడో ట్రిప్పులో డిక్కీ పైన ఉండే ప్లాస్టిక్ స్పాయిలర్ అంచు చిట్లిపోయింది. ర్యాక్‌లో తప్పు లేదు, కారులోనూ తప్పు లేదు, రెండిటికీ జత కుదరలేదు, ఆ జత చూసుకోవాల్సింది నేనే. అప్పట్నుంచి ఎవరు ఏ ర్యాక్ కొనాలి అని అడిగినా ఒకటే చెప్తున్నా, ర్యాక్ సంగతి తర్వాత, ముందు మీ కారు డిక్కీ తలుపు దగ్గరికెళ్ళి ఒక పది నిమిషాలు నిలబడండి.

ముందు అసలు ర్యాక్ కావాలా?

ఒక్క సైకిలే, మనుషులు కూడా ఒకరో ఇద్దరో అయితే ర్యాక్ కొనకుండానే పని అయిపోవచ్చు, డబ్బులు పెట్టే ముందు ఒక ఆదివారం ఇది చేసి చూడండి. వెనక సీటు మడవండి, పాత దుప్పటి ఒకటి పరవండి, సైకిల్ ముందు చక్రం తీసేసి, చైను ఉన్న వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టండి. వ్యాగన్ఆర్ లాంటి ఎత్తు కారైతే చాలా తేలిగ్గా పడుతుంది, ఆల్టోలో అయితే వెనక చక్రం కూడా తియ్యాల్సి రావచ్చు. ఒక్క జాగ్రత్త, మీ సైకిలుకి ఆయిల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులుంటే చక్రం తీశాక ఆ బ్రేకు ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క మడిచి పెట్టండి, దారిలో పొరపాటున ఎవరైనా బ్రేకు నొక్కితే ప్యాడ్లు రెండూ దగ్గరికొచ్చి బిగుసుకుంటాయి, మళ్ళీ చక్రం ఎక్కించేటప్పుడు డిస్క్ ఆ సందులో దూరదు, రోడ్డు పక్కన కూర్చుని స్క్రూడ్రైవర్‌తో తిప్పలు పడాలి.

ఇలా లోపల పెట్టడంలో ఉన్న నిమ్మళం ఏ ర్యాక్‌లోనూ లేదు. దొంగ భయం లేదు, వాన భయం లేదు, పోలీసు ఆపే పనే లేదు. రెండు సైకిళ్ళూ, ముగ్గురు మనుషులూ అన్నప్పుడే ర్యాక్ దారి పట్టండి.

టేపు తీసుకుని కొలవండి

కావాల్సినవి నాలుగు లెక్కలు: కారు వెడల్పు, కారు ఎత్తు, సైకిల్ పొడవు, సైకిల్ బరువు. ఒక కాగితం మీద రాసుకోండి, షాపుకి పోయినా ఆన్‌లైన్‌లో చూసినా ఆ కాగితం చేతిలో ఉండాలి.

సైకిల్ బరువుకి ప్రత్యేకంగా త్రాసు అక్కర్లేదు, ఇంట్లో బరువు చూసుకునే మెషీన్ మీద మీరొక్కరే ఎక్కండి, తర్వాత సైకిల్ ఎత్తుకుని ఎక్కండి, తేడానే సైకిల్ బరువు. రోడ్ బైకులు (సన్న టైర్ల రేసు రకం సైకిళ్ళు) మామూలుగా 9 నుంచి 11 కిలోలుంటాయి, హైబ్రిడ్‌లు 13, 14, మామూలు ఇనప ఫ్రేము ఎంటీబీ (లావు టైర్ల మౌంటెన్ బైక్) అయితే 16, 18 కూడా ఉంటుంది. బ్యాటరీ సైకిళ్ళు 20 దాటతాయి, వాటిని బెల్టులతో కట్టే ర్యాక్ మీద వెయ్యొద్దు అనే నా మాట, వేసినా బ్యాటరీ ఊడదీసి కారు లోపల పెట్టుకోండి.

పొడవు దగ్గరే చిన్న కారుకి అసలు చిక్కు. వెనక ర్యాక్ మీద సైకిల్ అడ్డంగా వేలాడుతుంది కదా, అంటే సైకిల్ పొడవంతా కారు వెడల్పులో ఇమడాలి. నా సైకిలు ఈ చక్రం అంచు నుంచి ఆ చక్రం అంచుకి 174 సెంటీమీటర్లు. స్విఫ్ట్ వెడల్పు 173.5, అంటే దాదాపు సరిపోయింది. గ్రాండ్ ఐ10 నియోస్ 168, వ్యాగన్ఆర్ 162, ఆల్టో కే10 అయితే 149 మాత్రమే, దాని మీద నా సైకిలు వేస్తే అటు పన్నెండు ఇటు పన్నెండు సెంటీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. పన్నెండు సెంటీమీటర్లంటే ఎంత అనుకోవద్దు, మన ఊళ్ళో సిగ్నల్ దగ్గర ఆటోకీ కారుకీ మధ్య ఉండే సందు అంతే, ఆ సందులోంచే స్కూటీ దూరుతుంది. పైగా 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 (1ఎ) ప్రకారం సామాను బండి పక్కలకి, ముందుకి, వెనక్కి, ఎత్తులోకి పరిమితి దాటి వస్తే జరిమానా 20,000 రూపాయలు. కాబట్టి మీ కారు వెడల్పు కన్నా సైకిల్ పొడవు ఎక్కువైతే ముందు చక్రం తీసి కారులో వేసుకోండి, రెండు నిమిషాల పని.

పైనా, వెనకా?

పైన అంటే రూఫ్ మీద పెట్టేది. డిక్కీకి అడ్డం లేదు, నంబర్ ప్లేటుకి అడ్డం లేదు, వెనక లైట్లు కనపడతాయి, చూడ్డానికి అన్ని రకాలా ఇదే బాగుంటుంది. కానీ మన కార్లకి, మన ఊరికి ఇది కుదరడం కష్టం. రూఫ్ ర్యాక్ కావాలంటే ముందు రెండు అడ్డ కడ్డీలు బిగించాలి, చాలా హ్యాచ్‌బ్యాక్‌లకి (వెనక అద్దంతో సహా డిక్కీ తలుపు పైకి లేచే చిన్న కార్లకి) ఆ కడ్డీలు బిగించే రూఫ్ రెయిల్స్ ఉండవు, ఉన్న కొన్నిటికి కూడా అవి అందానికి పెట్టినవే అయ్యుండొచ్చు, వాటి మీద బరువు మోపితే ఊడొస్తాయి. కారు మాన్యువల్‌లో రూఫ్ మీద ఎన్ని కిలోలు పెట్టొచ్చో చూడండి, ఆ లెక్కలో కడ్డీల బరువు, ర్యాక్ బరువు, సైకిళ్ళ బరువు మొత్తం కలిపి చూడాలి, సైకిళ్ళది ఒక్కటే కాదు. మాన్యువల్‌లో పెట్టొద్దు అని ఉంటే అక్కడితో వదిలెయ్యండి.

ఎత్తు కూడా లెక్కెయ్యండి. కారు 153 సెంటీమీటర్లు, కడ్డీలూ ట్రే కలిపి ఒక 10, సైకిల్ హ్యాండిల్ దాకా 105, మొత్తం 268. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బీము కింద ఎత్తు 230. రైడ్ నుంచి అలసిపోయి వస్తాం, పైన సైకిలుందని మర్చిపోయి అలవాటుగా సెల్లార్‌లోకి దింపేస్తాం, ఒక్క సెకండ్ చాలు, సైకిలూ పోతుంది రూఫూ సొట్టపడుతుంది. మాల్ పార్కింగుల్లో 2.1 మీటర్లు అని బోర్డు చూసే ఉంటారు, అక్కడ ఆ మాటే ఎత్తొద్దు. ఇంక గల్లీల్లో స్తంభం నుంచి స్తంభానికి వేలాడే కేబుల్ వైర్లు ఎక్కడ ఎంత కిందికి ఉంటాయో వర్షం పడ్డాక ఎవరూ చెప్పలేరు. సొంత ఇల్లు, బయట పార్కింగ్, కారుకి గట్టి రెయిల్స్, ఈ మూడూ ఉంటేనే రూఫ్ వైపు చూడండి.

కారు కింద కొక్కేనికి తగిలించే ర్యాకులు కూడా ఉన్నాయి, విదేశాల్లో ఎక్కువగా అవే వాడతారు, మన చిన్న కార్లకి ఆ కొక్కెం కంపెనీ నుంచి రాదు, కాబట్టి వాటి గురించి ఇక్కడ మాట్లాడుకోవడం అనవసరం.

మిగిలింది డిక్కీ మీద బెల్టులతో కట్టే ర్యాక్. చాలామందికి ఇదే సరిపోతుంది, మడిస్తే మంచం కింద పడుతుంది, కారు మారినా పనికొస్తుంది.

డిక్కీ తలుపు పరీక్ష

ఇక్కడ తొందర పడొద్దు. ఈ ర్యాక్ ఎలా నిలబడుతుందంటే, కింది కాళ్ళు బంపర్ మీదో డిక్కీ తలుపు కింది భాగం మీదో ఆనతాయి, పై బెల్టుల కొక్కేలు తలుపు పై అంచుకి పట్టుకుంటాయి, కింద, పక్కన ఇంకొన్ని కొక్కేలు. మొత్తం సైకిళ్ళ బరువు వెనక్కి లాగుతుంటే ఆ లాగుడంతా ముఖ్యంగా పై రెండు కొక్కేల మీదే పడుతుంది. కాబట్టి ఆ పై అంచు దేంతో చేశారు అన్నదే ప్రశ్న.

డిక్కీ తెరవండి. తలుపు పై అంచున, రూఫుకి ఆనుకునే చోట, వేళ్ళు లోపలికి పెట్టి తడమండి. చల్లగా, గట్టిగా, రేకు మడత తగిలితే మంచిది. గోటితో కొడితే డబ్బా మూత లాగా బోలు శబ్దం వస్తే అది ప్లాస్టిక్. ఇప్పుడొచ్చే హ్యాచ్‌బ్యాక్‌లకి చాలావాటికి అద్దం పైన స్పాయిలర్ అని ఒక ప్లాస్టిక్ రెక్క ఉంటుంది, బయట నుంచి చూస్తే తలుపులో భాగమే అనిపిస్తుంది, కింద రెండు మూడు బోల్టుల మీద నిలబడుంటుంది అంతే. నాది చిట్లింది అక్కడే, కొక్కెం రేకుకి పట్టుకున్నా బెల్టు మాత్రం ఆ రెక్క మీదుగా వంగి కిందికొచ్చింది, ప్రతి గుంతకీ బెల్టు ఆ అంచుని నొక్కుతూ నొక్కుతూ చివరికి గీత పడి, ఆ గీత చిట్లు అయింది. స్పాయిలర్ ఉన్న కారైతే కొక్కెం స్పాయిలర్‌కి అటూ ఇటూ పక్కల రేకు దొరికే చోట పడుతుందా, లేదా ర్యాక్ వంపు స్పాయిలర్‌ని తాకకుండా పైనుంచి వెళ్ళేంత ఎత్తుగా ఉందా చూడండి, రెండూ లేకపోతే ఆ ర్యాక్ మీకు కాదు.

తర్వాత తలుపు మూసి, రూఫుకీ తలుపుకీ మధ్య సందు ఎంతుందో చూడండి. పాత డెబిట్ కార్డు ఒకటి దూర్చి చూస్తే తెలుస్తుంది, అది కూడా దూరకపోతే కొక్కెం పెట్టి తలుపు మూసినప్పుడు పెయింట్ గీసుకుపోవడం ఖాయం. ర్యాక్ మెత్తలు ఆనే చోటు అద్దం కాకుండా రేకు అయ్యుండాలి, అద్దం మీద ఆనే ర్యాక్ వద్దే వద్దు. వెనక వైపర్ ఉంటే దాని మీద ఏదీ పడకూడదు. చివరగా సైలెన్సర్ గొట్టం ఏ వైపుందో చూడండి, సైకిల్ టైరు దాని ఎదురుగా వేలాడితే వేడి పొగ నేరుగా తగిలి టైరూ ట్యూబూ పాడైపోతాయి.

థూలే, సారిస్ లాంటి కంపెనీలు ఏ కారుకి ఏ ర్యాక్ సరిపోతుందో లిస్టు ఇస్తాయి, చూడండి కానీ అదే ఆఖరు మాట అనుకోవద్దు, బయట దేశాల్లో అమ్మే అదే పేరు కారుకీ మన దగ్గర అమ్మేదానికీ స్పాయిలర్, బంపర్ తేడా ఉండొచ్చు. మీ వేళ్ళతో తడిమిందే నమ్మండి.

సైకిల్ వైపు నుంచి

ర్యాక్ నుంచి వెనక్కి పొడుచుకొచ్చే చేతులు రెండూ సైకిల్ పై గొట్టం కింద దూరతాయి. ఆడవాళ్ళ సైకిళ్ళకి, పిల్లల సైకిళ్ళకి ఆ గొట్టం ఏటవాలుగా ఉంటుంది లేదా ఉండనే ఉండదు, వాటికి సీటు కిందనుంచి హ్యాండిల్ దాకా తగిలించే అడ్డ కడ్డీ విడిగా దొరుకుతుంది, అది కూడా బడ్జెట్‌లో వేసుకోండి. కార్బన్ ఫ్రేము సైకిలైతే ఫ్రేముని గట్టిగా బిగించి పట్టుకునే ర్యాక్ వాడొద్దు, కార్బన్‌కి ఆ నొక్కుడు పడదు, దాన్ని కారు లోపలే తీసుకెళ్ళండి.

షాపులో

వీలైతే షాపులోనే కొనండి, కారు తీసుకునే వెళ్ళండి, డబ్బులిచ్చే ముందే "అన్నా, ఒకసారి బండికి పెట్టి చూపించు, సైకిల్ కూడా తెచ్చా" అని అడగండి. మంచి షాపువాళ్ళు కాదనరు. కాదంటే ఇంకో షాపు. పెట్టాక ఇవి చూడండి: బెల్టులు నాలుగా ఆరా, ఆరున్నదే తీసుకోండి, పక్క బెల్టులు లేకపోతే మలుపుల్లో ర్యాక్ అటూ ఇటూ జరుగుతుంది. బెల్టు బిగించే క్లిప్పు లోహందా ప్లాస్టిక్కా, లోహందే కావాలి. కొక్కేలకి రబ్బరు తొడుగు ఉందా. వెల్డింగ్ అతుకుల దగ్గర వేలు పెట్టి చూడండి, బుడగలు బుడగలుగా ఉంటే వద్దు. ర్యాక్ మీద రాసిన బరువు పరిమితి మీ సైకిళ్ళ మొత్తం కన్నా బాగా ఎక్కువ ఉండాలి, మన రోడ్ల మీద గుంతలో పడ్డ క్షణంలో 30 కిలోలు 30 కిలోల్లా ఉండవు. మూడు సైకిళ్ళ ర్యాక్ అని అమ్మినా చిన్న కారు మీద రెండే వెయ్యండి, మూడోది అంత దూరంగా వేలాడితే డిక్కీ తలుపు కీళ్ళ మీద లాగుడు చాలా పెరుగుతుంది.

సెకండ్ హ్యాండ్‌ది దొరికితే కడ్డీల కన్నా బెల్టులు చూడండి, మన ఎండలకి రంగు వెలిసి గరుకుగా పోగులు లేచిన బెల్టు లోపల కూడా చచ్చిపోయినట్టే, బెల్టులు మార్చుకోగలిగితేనే తీసుకోండి.

బిగించే రోజు

మొదటిసారి రాత్రి పూటే ఇంటి దగ్గర తీరిగ్గా చేసుకోండి, తెల్లారి బయల్దేరేటప్పుడు కాదు. మెత్తలు ఆనే చోట కారుని తడిగుడ్డతో తుడవండి, ఆ తర్వాత పొడిగుడ్డతో. మెత్తల కింద పెయింట్ గీసుకుపోయేది ర్యాక్ వల్ల కాదు, ర్యాక్‌కీ పెయింట్‌కీ మధ్య ఇరుక్కున్న దుమ్ము వల్ల.

పై కొక్కేలు ముందు, తర్వాత కింది కొక్కేలు, పక్కవి చివర. ఒక్కసారే ఒకవైపు పూర్తిగా బిగించకండి, కుడి కొంచెం, ఎడమ కొంచెం, మళ్ళీ కుడి. అన్నీ అయ్యాక పై బెల్టుని వేలితో మీటండి, బిగిసిన తీగలా టంగుమనాలి, దడదడమని ఊగితే ఇంకా ఉంది. తర్వాత ర్యాక్ పట్టుకుని గట్టిగా ఊపండి, కారు ఊగాలి, ర్యాక్ ఒక్కటే ఊగకూడదు. మిగిలిపోయిన బెల్టు కొసలు వేలాడనివ్వకండి, చుట్టి ముడెయ్యండి, టైరు కింద పడితే ప్రమాదం.

సైకిల్ ఎక్కించే ముందు నీళ్ళ సీసా, పంపు, లైటు, సీటు కింద సంచీ అన్నీ తీసెయ్యండి. బరువు సైకిల్ కారు వైపు, తేలిక సైకిల్ బయటికి, హ్యాండిళ్ళు రెండూ ఒకే వైపు రాకుండా ఒకటి అటు ఒకటి ఇటు. లోపలి సైకిల్ పెడల్ కారుని పొడిచే చోట పాత స్పాంజి ముక్క కట్టండి, నేను పాత యోగా మ్యాట్ కోసి వాడుతున్నా. చక్రాలు తిరక్కుండా, హ్యాండిల్ ఊగకుండా ఫ్రేముకి కట్టండి. ఆఖర్న ఇంకొక విడి బెల్టు తీసుకుని రెండు సైకిళ్ళ ఫ్రేములూ కలిపి ర్యాక్‌కి కట్టండి. మన వెనక వచ్చేది ఎక్కువగా టూవీలర్లే, హెల్మెట్ పెట్టుకుని ముందు ఒక చిన్న పాపని నిలబెట్టుకుని వస్తున్న మనిషి ముందు మన సైకిల్ ఊడిపడితే ఏమవుతుందో ఒక్కసారి తలుచుకుంటే ఆ బెల్టు కట్టే ఇంకో నిమిషం బరువనిపించదు.

ఇప్పుడు పది అడుగులు వెనక్కి వచ్చి చూడండి. నంబర్ ప్లేటు మొత్తం చదవగలుగుతున్నారా? రెండు వైపులా బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు కనపడుతున్నాయా? ఎవర్నైనా బ్రేకు తొక్కమని చూడండి. నంబర్ ప్లేటుకి చక్రం అడ్డమొస్తే సైకిల్ పైకి జరపండి లేదా చక్రం తీసెయ్యండి, అట్టముక్క మీద నంబర్ రాసి వేలాడదీసే పని చెయ్యకండి, మన హైదరాబాద్‌లో ప్లేటు కనపడకుండా తిరిగితే పోలీసులు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

దారిలో

బయల్దేరిన అయిదు పది కిలోమీటర్లకే ఒకసారి ఆపి బెల్టులు చూడండి, మొదట్లో తప్పకుండా కొంచెం వదులవుతాయి, నేను ఎప్పుడూ ఎల్బీనగర్ దాటాక పెట్రోల్ బంకులో ఆపుతా. వాన పడితే మళ్ళీ చూడండి, నైలాన్ బెల్టు తడిస్తే సాగుతుంది. స్పీడ్ బ్రేకర్ల మీద నడక వేగం. ఓఆర్ఆర్ మీద 120 దాకా బోర్డులున్నా ర్యాక్ ఉన్నప్పుడు 80 దాటకండి, వేగం 80 నుంచి 120 అయితే గాలి తోపు రెండింతలకి పైనే అవుతుంది, అదంతా ఆ బెల్టులే మొయ్యాలి.

రివర్స్ సెన్సర్ ఒకటే మోత పెడుతుంది, కెమెరాలో చక్రం తప్ప ఏమీ కనపడదు, కాబట్టి వెనక్కి తీసేటప్పుడు ఒకరు దిగి చెప్పాలి. ర్యాక్ ఉండగా డిక్కీ తెరవకూడదు, హ్యాచ్‌బ్యాక్‌లో స్టెప్నీ, జాకీ ఉండేది ఆ డిక్కీ అడుగునే. పంక్చర్ అయితే సైకిళ్ళు, ర్యాక్ అన్నీ దింపితే గానీ టైరు బయటికి రాదు, అందుకే బయల్దేరే ముందే నాలుగు టైర్లలో గాలి చూసుకోండి, జాకీ, పానా, గాలి కొట్టే చిన్న మెషీన్ ఉంటే అదీ ముందు సీటు కింద పెట్టుకోండి.

టిఫిన్‌కి ఆగితే కారు కనపడే టేబుల్ దగ్గరే కూర్చోండి. ఈ బెల్టులు కొయ్యడానికి కూరగాయల కత్తి చాలు, కేబుల్ తాళం వేసినా అది కాసేపు ఆపడానికే.

ఇంటికొచ్చాక సైకిళ్ళు దింపి ర్యాక్ కూడా ఆ రోజే విప్పెయ్యండి. వచ్చే ఆదివారం కావాలి కదా అని కారుకే వదిలేస్తే వారమంతా ఎండకి బెల్టులు ఎండుతాయి, మెత్తల కింద నీళ్ళు నిలిచి పెయింట్ మీద మచ్చ పడుతుంది. విప్పేటప్పుడు పై అంచు మీద మళ్ళీ ఒకసారి వేలు పెట్టి తడమండి, కొత్తగా గీతో, సొట్టో తగిలితే తర్వాతి ట్రిప్పుకి కొక్కెం ఒక అంగుళం పక్కకి జరపండి.